పుంత, పంటు, మోటారు రోడ్డు: ఐనవిల్లి వైపు పాత బాటల ఆనవాళ్లు

– తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

కోనసీమ అనగానే అందరూ కొబ్బరి తోటల గురించి, కాలువల గురించి, గోదావరి పాయల గురించి చెప్తారు. రోడ్డు గురించి ఎవరూ చెప్పరు. కాని కాలేజీకి వచ్చే మనలో నూటికి తొంభైమంది రోజూ ఏదో ఒక రోడ్డు మీదనే వస్తున్నాం. ఆ రోడ్డు ఎప్పుడు వేశారు, ఎందుకు అక్కడే వేశారు, అన్ని వంకర్లు ఎందుకు తిరిగింది, దానికి ముందు మనవాళ్లు ఏ దారిన వెళ్లేవారు అని అడిగితే జవాబు చెప్పగలవాళ్లు తక్కువ. దేవాలయాలకు స్థలపురాణాలున్నాయి. రోడ్లకు లేవు. రోడ్డు చరిత్రను మనమే వెతికి వ్రాసుకోవాలి. ఎలా వెతకాలో నాకు తెలిసినంతవరకు యీ వ్యాసంలో చెప్తాను. ఉదాహరణకు ఐనవిల్లి, ముక్తేశ్వరం, కోటిపల్లి దారిని తీసుకుంటున్నాను.

నీళ్ల బాట ముందు, నేల బాట తరువాత

కోనసీమకు ఒక పక్క గౌతమి, మరో పక్క వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. ఈ నేల అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఇక్కడ ఎంత లోతు తవ్వినా మన్నూ ఇసకే గాని రాయి తగలదు. రోడ్డుకు కావలసిన మొదటి వస్తువు రాయి. కనుక కోనసీమలో రోడ్డు వేయాలంటే కంకరను పైనుంచి, అంటే రాజమండ్రి వైపు నుంచి, నీళ్ల మీద తెచ్చుకోవలసిందే. రోడ్డు కోసం కూడా ముందు పడవ కావాలన్నమాట.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852 నాటికి పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ కాలువలను సేద్యానికి మాత్రమే తవ్వించలేదు. పడవలు నడవడానికి వీలుగా లాకులు కూడా పెట్టించాడు. మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర నీరు మళ్లుతుంది. లొల్ల లాకులు మనందరికీ తెలిసినవే. వైనతేయ మీద గన్నవరం దగ్గర 49 కమానులతో కట్టిన పాత అక్విడక్టు ఆ కాలపు పనితనానికి ఇప్పటికీ సాక్షిగా నిలబడి ఉంది. దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం.

పడవకు గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుతారు, లేకపోతే గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో లాగాలి. అలా లాగేవాళ్లు నడవడానికి కాలువ గట్టు మీద చదునైన దారి ఉంచారు. ఆ దారినే నడిచేవాళ్లు వాడుకున్నారు, తరువాత ఎడ్లబళ్లు వాడుకున్నాయి, ఆ తరువాత దాన్నే వెడల్పు చేసి కంకర పోశారు. కోనసీమ రోడ్లు చాలావరకు కాలువను అంటిపెట్టుకుని మెలికలు తిరగడానికి కారణం ఇదే. ఆ వంకర రోడ్డు ఇంజనీరు గీసినది కాదు. నీరు పల్లానికి పోయే దారిని కాలువ అనుసరించింది, కాలువను రోడ్డు అనుసరించింది.

గట్టు దారి ఒకటైతే, పొలాల మధ్య బండి దారి మరొకటి. దానిని మన వైపు పుంత అంటాం. ఊరి నుంచి పొలానికి, పొలం నుంచి కళ్లానికి, ఊరి నుంచి ఊరికి పుంతలే ఆధారం. వానాకాలంలో అవి మోకాలి లోతు బురద. అయినా ఆ పుంతలే పెద్ద దారులకు తల్లివేళ్లు. ఈనాటి తారు రోడ్లు ఎన్నో ఒకప్పటి పుంతలే.

మోటారు వచ్చి కంకరను కదిలించింది

రోడ్డు శాస్త్రం కొంచెం తెలిస్తేనే పాత రోడ్డు ఆనవాలు కంటికి కనిపిస్తుంది. స్కాట్లండుకు చెందిన జాన్ లౌడన్ మెకాడమ్ (1756–1836) ఒక సులువైన సూత్రం చెప్పాడు. కింద నేల పొడిగా ఉండాలి, రోడ్డు చుట్టుపక్కల కంటే మెరకగా ఉండాలి, పైన పోసే రాయి చిన్నదిగా ఉండాలి. ఆరు ఔన్సుల బరువు మించిన రాయి పనికిరాదన్నాడు. కోణాలున్న చిన్న రాళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని చాపలా అల్లుకుంటాయి. వాటి మీద ఇనుప కట్టు ఉన్న బండి చక్రం నడుస్తుంటే రాయి అంచులు కొంచెం నలిగి పొడి అవుతుంది. వాన నీటితో కలిసి ఆ పొడి సందులలోకి దిగి గట్టిపడుతుంది. అంటే ఎడ్లబండి నడిచేకొద్దీ కంకర రోడ్డు తనకు తాను బిగుసుకునేది.

మోటారు వచ్చాక ఈ లెక్క తారుమారైంది. రబ్బరు టైరు రాయిని నలపదు. వేగంగా తిరుగుతూ సందులలోని పొడిని పైకి పీల్చి గాలిలోకి ఎగజిమ్ముతుంది. పొడి పోతే రాళ్లు వదులవుతాయి, రాళ్లు వదులైతే గోతులు పడతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచమంతా ఎదుర్కొన్న సమస్య ఇది. 1908లో పారిస్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ రోడ్ల మహాసభలో దుమ్ము గురించే పెద్ద చర్చ జరిగింది. దీనికి విరుగుడు తారు. రాయికి తారు పట్టించి పరిచే పద్ధతికి 1902లోనే ఇంగ్లండులో హూలీ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు.

మన డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా కంకర పోస్తే రెండేళ్లలో అది మట్టిలోకి దిగిపోతుంది. అందుకని రెండు పక్కలా మట్టి తవ్వి మధ్యలో కట్ట పోసి, ఆ కట్ట మీద రోడ్డు వేసేవారు. పొలాల మధ్య రెండు పొడుగాటి గోతులు సమానంగా నీళ్లతో నిండి కనిపిస్తే, వాటి మధ్య ఒకప్పుడు కట్ట ఉండేదేమోనని అనుమానించాలి.

రోడ్డుకు డబ్బెక్కడిది?

రోడ్డు చరిత్ర సగం మట్టిలో ఉంటే సగం లెక్క పుస్తకాలలో ఉంటుంది. మద్రాసు రాజధానిలో రోడ్ల బాధ్యత చాలావరకు జిల్లా బోర్డులదే. వాటి ఆదాయాలలో టోలుగేటు ఒకటి. బండికి ఇంత అని గేటు దగ్గర వసూలు చేసేవారు. 1927లో కేంద్ర ప్రభుత్వం జయకర్ అధ్యక్షతన రోడ్ల అభివృద్ధి సంఘాన్ని వేసింది. ఆ సంఘం సలహా మీద గాలను పెట్రోలుకు రెండు అణాలు అదనపు సుంకం విధించి, 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పాటు చేశారు. 1931లో మద్రాసులో మోటారు వాహనాల పన్ను చట్టం వచ్చింది. గేటు దగ్గర ఆపి డబ్బు తీసుకునే పద్ధతి పోయి వాహన పన్ను పద్ధతి వచ్చింది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుట్టింది. 1943 నాటి నాగపూరు ప్రణాళిక రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లుగా విభజించి లక్ష్యాలు పెట్టింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఈ తేదీలు మనకెందుకంటే, ఏదైనా ఊళ్లో "గేటు" అన్న పేరుతో సెంటరు ఉండి అక్కడ రైలూ లాకూ లేకపోతే, అది పాత టోలుగేటు పేరు కావచ్చునేమో విచారించాలి. అదే నిజమైతే ఆ పేరు 1931కి ముందుది.

పాత రికార్డులు వెతికేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని జిల్లాలు ఏర్పడింది 1925లో. అంతకుముందు కాగితాలలో మన ఊళ్లు "గోదావరి జిల్లా, అమలాపురం తాలూకా" కింద ఉంటాయి. 1985లో తాలూకాల బదులు మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమ జిల్లా. ఒకే ఊరు, ఒకే రోడ్డు, కాని ఫైలు మూడు చోట్ల ఉండవచ్చు.

కోటిపల్లి పట్టాలు చెప్పే పాఠం

మనకు అతి దగ్గరలో కళ్లముందే ఉన్న ఉదాహరణ రోడ్డుది కాదు, రైలుది. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు. రైలు కోటిపల్లి రేవుతో ఆగిపోయేది. అక్కడ గోదావరి దాటితే ముక్తేశ్వరం. ముక్తేశ్వరం ఇప్పుడు ఐనవిల్లి మండలంలో ఉంది. అక్కడినుంచి రోడ్డున అమలాపురం. రైలు, రేవు, రోడ్డు మూడూ కలిస్తేనే కోనసీమకు అది ఒక దారి.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. ఇనుము కావలసి వచ్చి 1940లో ఆ పట్టాలు పీకేశారు. పన్నెండేళ్లకే ఆ రైలు కథ ముగిసింది. కాని పట్టాలు పోయినా కట్ట పోలేదు. కట్ట అక్కడక్కడ కరిగినా రికార్డులో భూమి పోలేదు. 2004లో మళ్లీ అదే దారిన కోటిపల్లికి రైలు వచ్చింది. అరవైనాలుగేళ్ల తరువాత తిరిగి రాగలిగిందంటే కారణం ఆ కట్ట, ఆ కాగితం. పాత బాటలు వెతికేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఇనుము పోతుంది, కంకర పోతుంది. మట్టి ఎత్తు, కాగితం మీద గీత చాలాకాలం నిలుస్తాయి.

ముక్తేశ్వరం రేవులో పడవలే కాక పంటు మీద బళ్లూ మోటార్లూ దాటించడం మన పెద్దలందరికీ తెలిసిన సంగతి. కాకినాడ వైపునుంచి ఐనవిల్లి సిద్ధివినాయకుడి దర్శనానికి వచ్చేవాళ్లకు ఇది దగ్గర దారి. పరీక్షల ముందు కలాలకు పూజ చేయించుకోవడానికి ఆ గుడికి మనమూ వెళ్తుంటాం కదా! యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి వచ్చాక పెద్ద బళ్లు అటు మళ్లాయి. వారధి వచ్చిన చోట రోడ్డు ఎదుగుతుంది. రేవు దారికి మాత్రం వయసు మీద పడుతుంది. దాని పక్కనున్న సత్రాలు, హోటళ్లు, చెట్లు, మైలురాళ్లు ఎవరికీ అక్కరలేనివవుతాయి. చరిత్ర వెతికేవాడికి సరిగ్గా అవే కావాలి.

అమెరికాలో ఒక మోటారు దారి

ఈ పని మనకే కొత్తగాని ప్రపంచానికి కొత్త కాదు. న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్ అనే దీవిలో విలియం వాండర్‌బిల్ట్ అనే ధనవంతుడు కార్ల కోసమే ఒక ప్రైవేటు రోడ్డు వేయించాడు. 1908 అక్టోబరులో దాని మొదటి భాగం తెరిచారు. తరువాత అది దాదాపు 45 మైళ్లకు పెరిగింది. కాంక్రీటు రోడ్డు, అడ్డువచ్చే దారులన్నిటి మీదా వంతెనలు, ప్రవేశం దగ్గర టోలు ఇళ్లు. మొదట టోలు 2 డాలర్లు, చివరికి 40 సెంట్లకు దిగింది. పక్కనే ప్రభుత్వం టోలు లేని మంచి రోడ్డు వేయడంతో 1938లో మూతపడింది.

ఆ తరువాత ఇళ్ల స్థలాలూ కొత్త రోడ్లూ దానిని ముక్కలు ముక్కలుగా మింగేశాయి. కాని ఆ ప్రాంతం వాళ్లు ఊరుకోలేదు. పెరళ్లలో మిగిలిన కాంక్రీటు స్తంభాలను, వంతెన గోడలను, పాత ఫోటోలను, పటాలను ఒక్కొక్కటిగా కూడబెట్టి దారి మొత్తం తిరిగి గీశారు. ఒక భాగం సైకిళ్ల బాటగా బతికింది. ఒక టోలు ఇంటిని 1989లో వేరే చోటికి తరలించి కాపాడుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ప్రొఫెసర్లు కారు, మామూలు మనుషులు. వాళ్లకున్న పెట్టుబడి ఓపిక మాత్రమే.

ఐదుగురు సాక్షులు

మన పని కూడా అలాగే. పాత బాటకు ఐదుగురు సాక్షులుంటారు. కనీసం ముగ్గురు ఒకే మాట చెప్పాలి. ఒక్క సాక్షినే నమ్మి తీర్పు చెప్పకూడదు.

మొదటి సాక్షి కాగితం. గ్రామ పటం, ప్రతి సర్వే నెంబరుకూ ఉండే కొలతల పుస్తకం (మనవాళ్లు ఎఫ్.ఎం.బి. అంటారు), పాత సెటిల్‌మెంటు రిజిస్టరు చూడాలి. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన వ్రాసి ఉండే పాత రిజిస్టరును డైగ్లాట్ అంటారు. అందులో "బాట పోరంబోకు" అని ఉన్న నెంబర్లు వరుసగా గుర్తించి పటం మీద రంగు వేస్తే పాత దారి పాములా బయటపడుతుంది. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో షీట్లు కూడా ఉపయోగపడతాయి. 82 డిగ్రీల రేఖాంశం అమలాపురం దగ్గరినుంచే పోతుంది గనుక మన ప్రాంతానికి 65 హెచ్, 65 ఎల్ రెండూ కావాలి.

రెండవ సాక్షి మట్టి. పక్క గోతులు, మిగిలిన మెరక, పొలంలో కంకర ముక్కలు. వరి చేను ఒక చార పొడుగునా ముందుగా వాడిపోతుంటే, కింద పాత కంకర ఉండి నీరు నిలవడంలేదేమో చూడాలి. పురావస్తు శాస్త్రజ్ఞులు విమానంలోంచి వెతికేది ఇలాంటి చారలనే. రైతు గట్టు మీద నిలబడి చూడగలడు.

మూడవ సాక్షి రాయి, ఇటుక. మైలురాయి మీద మైళ్లు చెక్కి ఉంటే అది మెట్రిక్ పద్ధతికి ముందుది. కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చి, 1960ల మొదట్లో కిలోమీటర్లు పూర్తిగా వాడుకలోకి వచ్చాయి. గానుగ సున్నంతో, ఇటుక కమానుతో కట్టిన తూము సాధారణంగా సిమెంటు పలకతో కట్టినదానికంటే పాతది.

నాలుగవ సాక్షి చెట్టు. చింత, మర్రి, నిద్రగన్నేరు సమాన దూరంలో ఒకే వరసలో ఉంటే అవి తమంతట తాము మొలిచినవి కావు. ఇటువైపు మూడు, అటువైపు రెండు మిగిలినా మధ్యలో రోడ్డు వెడల్పు తెలిసిపోతుంది.

ఐదవ సాక్షి మనిషి. పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడిగితే చెప్పలేరు. "1953 వరదకు ముందా తరువాతా? 1986 వరదకా? 1996 నవంబరు తుపానుకా?" అని అడగండి, తడుముకోకుండా చెప్తారు. మన వైపు కాలాన్ని కొలిచేది క్యాలెండరు కాదు, గోదావరి. "తాతగారూ, మీరు పెళ్లికి ఏ దారిన తరలివెళ్లారు?" అని అడిగితే ఒక్క ప్రశ్నకు ఊళ్లూ, రేవులూ, బండీ, పడవా అన్నీ వచ్చేస్తాయి. మామ్మలను కూడా అడగండి. పుట్టింటి దారి వాళ్లు మరచిపోరు.

గొలుసు లెక్క

సైన్సు విద్యార్థులకు ఒక చిన్న లెక్క. పాత కొలతల పుస్తకంలో దూరాలు లింకులలో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, గొలుసుకు 66 అడుగులు. 10 గొలుసులు ఫర్లాంగు, 80 గొలుసులు మైలు. కనుక ఒక లింకు 0.66 అడుగు, అంటే దాదాపు 20.1 సెంటీమీటర్లు. పుస్తకంలో బాట వెడల్పు 50 లింకులని ఉంటే అది 33 అడుగులు. టేపు పట్టి చూస్తే 14 అడుగులే ఉందనుకోండి, మిగిలిన 19 అడుగులు ఎటు పోయాయన్నది ప్రశ్న. జవాబు రెండు పక్కల చేలలో ఉంటుంది.

ఎందుకీ శ్రమ?

ఇది కాలక్షేపం పని కాదు. మాది వ్యవసాయ కుటుంబం కనుక రెండు సంగతులు స్వయంగా ఎరిగి చెప్తున్నాను.

మొదటిది పుంత. పుంత మూసుకుపోతే లోపలి చేలవాళ్లకు దారి ఉండదు. కోత మిషను వెళ్లదు, ట్రాక్టరు వెళ్లదు. ధాన్యం బస్తాలు మోయించుకోవాలి, లేదా పక్కవాడి చేను కోతయ్యేదాకా తన పంట చేలోనే ఉంచుకుని మబ్బు వంక చూస్తూ కూర్చోవాలి. కౌలు రైతుకైతే ఆ ఖర్చే ఏడాది మిగులును తినేస్తుంది.

రెండవది తూము. పాత రోడ్డు వేసినవాళ్లు నీరు ఎటు పోతుందో చూసి అక్కడక్కడ తూములు పెట్టారు. కొత్త రోడ్డు మెరక చేసినప్పుడో, ఇళ్లు కట్టినప్పుడో ఆ తూము పూడిపోతే రోడ్డే అడ్డుకట్ట అవుతుంది. లెక్క చూడండి. ఎకరం 4,047 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే ఎకరానికి సుమారు 405 ఘనమీటర్ల నీరు. వంద ఎకరాలకు 40,470. తూము సెకనుకు అర ఘనమీటరు వదిలితే ఆ నీరు పోవడానికి సుమారు ఇరవై రెండున్నర గంటలు పడుతుంది. తూము సగం పూడితే నలభై అయిదు గంటలు. కార్తీక మాసంలో ఈనిన చేనుకు ఒక రోజుకూ రెండు రోజులకూ ఉన్న తేడా ఏమిటో రైతుకు చెప్పనక్కరలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాలలో మురుగు నీరు పోకపోవడం కూడా ఒకటి. పాత తూము ఎక్కడుందో కనిపెట్టడం చరిత్రే, వ్యవసాయం కూడాను.

ఇంకొక తొందర ఉంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. లింకుల పటాల స్థానంలో కొత్త పటాలు వస్తున్నాయి. కొత్త పటం ఇవాళ నేల మీద ఉన్నదాన్ని కొలుస్తుంది. పాత పటంలో ఉండి నేల మీద మాయమైన పుంతను మనం చూపించకపోతే అది కాగితం మీద కూడా మాయం కావచ్చు. అప్పుడు ఐదుగురు సాక్షులలో మొదటివాడే లేకుండా పోతాడు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. బాట పక్క రెండడుగులు కలుపుకున్నవాళ్లు ఎవరో పరాయివాళ్లు కారు. బాబాయో, మేనమామో, పక్క వీధి పెద్దమనిషో అయి ఉంటారు. వాళ్లను బజారుకీడ్చడం మన పని కాదు. మనం కొలిచి, గీసి, తేదీ వేసి ఉంచుదాం. దాన్నిబట్టి ఏంచేయాలన్నది ఊరు కూర్చుని తేల్చుకుంటుంది. సరైన కొలత ఉంటే తగవు పెరగదు, చాలాసార్లు తగ్గుతుంది.

చేయవలసినది

విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. వచ్చే వేసవి సెలవుల్లో నలుగురేసి విద్యార్థులు ఒక జట్టుగా, జట్టుకు అయిదు కిలోమీటర్ల పాత దారి చొప్పున తీసుకోవచ్చు. ఒకరు కాగితం, ఒకరు టేపు, ఒకరు ఫోటో, ఒకరు పెద్దల మాటలు వ్రాసుకోవడం. ముక్తేశ్వరం రేవు నుంచి ఐనవిల్లి వైపు దారితో మొదలుపెడితే బాగుంటుంది. మైలురాయి కనిపిస్తే పెకలించి కాలేజీకి తేవద్దు. రాయి ఉన్నచోటే సాక్ష్యం, కదిపితే ఉత్త రాయి. ఎక్కడుందో, ఏమి వ్రాసి ఉందో, ఎటు తిరిగి ఉందో వ్రాసుకుంటే చాలు. తహశీల్దారు కార్యాలయంలో పటం నకలు అడగడానికి మన అధ్యాపకుల ఉత్తరం ఒకటి ఉంటే పని సులువవుతుంది. పూర్వ విద్యార్థులలో రెవెన్యూ, ఇంజనీరింగు శాఖలలో పనిచేసి రిటైరయినవారు ఎందరో ఉంటారు. పాత పటం చదవడం మాకు నేర్పవలసినదిగా వారిని కోరుతున్నాను.

అలా గీసిన పటాలు రెండు ప్రతులు తీసి ఒకటి కాలేజీ లైబ్రరీలో, ఒకటి ఆయా గ్రామ పంచాయితీలో ఉంచితే, వచ్చే తుపానుకు ముందే ఎక్కడ పూడిక తీయాలో కొన్ని ఊళ్లకైనా తెలుస్తుంది.